నొప్పిలేని వేలికి కట్టు

పోయిన వారం శాలినిని మనం చర్చి మెట్ల మీద వదిలేసి వచ్చాం. చుట్టూ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని మరీ అభినందిస్తుంటే, ఎవరి మొహంలోకీ చూడలేక చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తోంది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం జరిగింది కాస్త చెప్పుకుందాం. గవర్నర్‌పేటలో హనుమయ్యగారి ప్రెస్సు మూతపడింది. అందులో పక్కపక్క సీట్లలో కూర్చుని ఏళ్ళ తరబడి పుస్తకాలకీ శుభలేఖలకీ తెలుగు టైపు చేసిన శాలిని, కృప ఒక్కరోజే ఇంటికి వచ్చేశారు. పుస్తకాలు వేసే ఒక సంస్థలో కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ మనిషి కావాలన్న కబురు మొదట తెలిసింది కృపకి. ఆవిడ గుట్టుగా ఒక్కతే వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు, శాలినిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడ యజమానురాలు సుధామణి ఇద్దరికీ పాత ఫాంట్లలో టైపు టెస్టు పెట్టించి, తర్వాత విడివిడిగా లోపలికి పిలిచి ఒకటే ప్రశ్న అడిగింది. "మా ఆఫీసులో పనంతా విండోస్‌లో కాదమ్మా, ఆపిల్ కంపెనీ మాక్ కంప్యూటర్లలో. మీకు మాక్ వచ్చా?" కృప రాదంది. శాలిని వచ్చంది. ఉద్యోగం శాలినికి వచ్చింది.

నిజానికి శాలిని జన్మలో మాక్ ముట్టుకోలేదు. హనుమయ్యగారి ప్రెస్సులో ఉన్నవన్నీ పాత విండోస్ కంప్యూటర్లే. "వచ్చండీ" అన్న మాట ఆవిడ అనాలనుకుని అనలేదు, నోరు జారింది. కానీ జారిన మాటని వెంటనే దిద్దుకోవచ్చు కదా? దిద్దుకోలేదు. అదీ తప్పు.

అంతటితో ఆగినా కొంత నయం. ఆదివారం ఆరాధనలో అత్తగారు సువార్తమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడింది. దేవుడు చేసిన మేలుని సంఘంలో నలుగురి ముందూ చెప్పుకోవడం వాళ్ళకి ఆనవాయితీ. "నాలుగు నెలల నుంచీ మా కోడలు ఇంట్లో కూర్చుని కుమిలిపోతుంటే, నా ప్రార్థన ఆలకించి ప్రభువు ఆపిల్ కంపెనీలో ఉద్యోగం ఇచ్చాడు" అని మైకులో చెప్పి కళ్ళు తుడుచుకుంది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. కోడలు ఆడిన అబద్ధం అత్తగారి నోట సాక్ష్యమైపోయింది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఆ పెద్దావిడ పరువు కూడా పోతుంది.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. సోమవారం ఉద్యోగంలో చేరాలనగా, అతుకు వేయాల్సిన రోజు శనివారం రూపంలో వచ్చింది.

*

"లాప్‌టాప్ ఆఫీసు కొనిస్తుంది, కానీ ఎంచుకోవాల్సింది మీరే. రోజంతా దాంతో కాపురం చేసేది మీరు కదండీ" అన్నాడు హేమసుందర్, ఏలూరు రోడ్డులో షాపు అద్దాల తలుపు తోస్తూ. ఆ సంస్థలో పుస్తకాల డిజైనంతా చూసేది అతనే. బందరు పక్క గిలకలదిండి మనిషి. మాటకి ముందు నవ్వే రకం. అలాంటివాళ్ళ దగ్గర అబద్ధమాడటం మరీ కష్టం.

శాలిని వారమంతా వంటింట్లో ఫోను గొంతు తగ్గించి పెట్టి వీడియోలు చూసింది. ర్యామ్ అంటే ఏమిటో, స్టోరేజీ ఎంత ఉండాలో, విండోస్ నుంచి మాక్‌కి మారేవాళ్ళు ఏ మోడల్ కొనుక్కోవాలో, అన్నీ పరీక్ష ముందు పిల్లల్లా బట్టీ పట్టింది. తీరా షాపులో అడుగు పెట్టాక, వరసగా తెరిచి పెట్టిన ఆ పల్చటి లాప్‌టాప్‌లని చూడగానే బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది.

"వందనాలాంటీ!"

అమ్మకాల కౌంటరు వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన అమ్మాయిని చూసి శాలిని ఒక అడుగు వెనక్కి వేసింది. జెస్సికా. వాళ్ళ చర్చిలో పాటలు పాడే పిల్ల. ఈ షాపులో చేరిందని శాలినికి తెలియదు.

"మామ్మగారు సాక్ష్యం చెప్తుంటే మా కాయిర్ వాళ్ళం ఏడ్చేశామాంటీ. ఆపిల్ కంపెనీలో ఉద్యోగం అంటే మాటలా!"

హేమసుందర్ ఆశ్చర్యంగా తిరిగి చూశాడు. "ఆపిల్ కంపెనీలోనా?"

"మా అత్తయ్యగారు పెద్దావిడండీ. నేనొకటి చెప్తే ఆవిడ ఇంకోటి అనుకుంది" అంది శాలిని గబగబా.

హేమసుందర్ హాయిగా నవ్వేశాడు. శాలిని కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల తనని తాను తిట్టుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుని తన కోసం ప్రార్థించిన మనిషిని, పరాయివాడి ముందు తెలివితక్కువదాన్ని చేసేసింది. ఒక్క మాట కప్పిపుచ్చుకోవడానికి ఇంకెంతమందిని ఇలా వాడుకోవాలో అనుకుంటే ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పదమూడంగుళాలదా, పదిహేనా అండీ?" అడిగాడు హేమసుందర్.

"చిన్నది చాలండీ."

"అదేంటి, రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి కదా. కళ్ళు పోతాయి. పెద్దదే చూడండి."

"ఫర్లేదండీ, చిన్నదే."

టిక్కెట్టు లేకుండా బస్సెక్కినవాడు సీటు అంచున కూర్చున్నట్టుంది ఆవిడ వరస. తనది కాని ఉద్యోగానికి పెద్ద లాప్‌టాప్ కూడానా అని. హేమసుందర్ దాన్ని మొహమాటం అనుకుని ముచ్చటపడ్డాడు.

"పోనీ, మీరు ఇదివరకు వాడింది ఏ మోడలండీ?"

శాలిని కళ్ళు ఆ వరస మీద పరిగెత్తాయి. ఆకాశం రంగులో మెరుస్తున్నదొకటి కనిపించింది. "ఇదేనండీ. ఇలాంటిదే."

"ఇదాంటీ?" జెస్సికా నొసలు ముడిపడింది. "ఇది ఈ నెల్లోనే కదా వచ్చింది!"

శాలిని ఆ లాప్‌టాప్ మీద నుంచి చూపు తిప్పేసింది. "అంటే... సైజు. సైజు గురించి అంటున్నా" అంది. హేమసుందర్ తల ఊపాడు. అతను నమ్మాడో, మర్యాదకి నమ్మినట్టు ఊరుకున్నాడో తెలియలేదు. ఆ సందేహం ఆవిడని ఇంకా కుంగదీసింది.

చివరి ప్రయత్నంగా ఒక మాట వేసి చూసింది. "నా ఒక్కదానికీ విండోస్ లాప్‌టాపే తీసుకుంటే ఎలా ఉంటుందండీ? మీ పాత పుస్తకాలన్నీ పాత ఫాంట్లలోనే ఉన్నాయన్నారు కదా. అవి తెరవాలంటే అదే సుఖమేమో."

"బాగా అడిగారు" అన్నాడు హేమసుందర్. "తెరవడానికి ఆఫీసులో పాత విండోస్ డబ్బా ఒకటి మూలన అట్టేపెట్టాం లెండి. కానీ తెరిచినవన్నీ కొత్త ఫాంట్లలోకి మార్చి, మాక్‌లో పేజీలు కట్టాలి. మీ ఒక్కరిదీ వేరే అయితే, మీ దగ్గర సరిగ్గా ఉన్న పేజీ నా దగ్గరికి వచ్చేసరికి లైన్లు జరిగిపోతాయి. ప్రతి పేజీ ఇద్దరం రెండుసార్లు దిద్దుకోవాలి. అందుకే కదండీ మాక్ వచ్చినవాళ్ళే కావాలని అంత పట్టుబట్టాం."

ఆ దారి కూడా మూసుకుపోయింది.

హేమసుందర్ పెద్ద లాప్‌టాప్ ఒకటి ముందుకు జరిపాడు. "మా అమ్మ బందరు మార్కెట్లో చేపలమ్మేది. కొనేవాళ్ళకి ఆవిడే చెప్పేది, మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనొద్దని. లాప్‌టాప్‌కి మొప్ప కీబోర్డే. వేలు పెట్టి చూడండి. రెండు లైన్లు తెలుగు కొట్టండి."

స్టూలు లాగి కూర్చోబెట్టారు. శాలిని వేళ్ళు కీబోర్డు మీద ఆనాయి. ఆ వేళ్ళకి ప్రెస్సుల్లో పేరుంది. కాగితం మీదనుంచి చూపు తిప్పకుండా, పక్కవాళ్ళతో కబుర్లు చెప్తూ పేజీలకి పేజీలు కొట్టేసే వేళ్ళు. పాత కంప్యూటర్లో పైవరస మీట ఒకటి నొక్కితే తెలుగు వచ్చేది. అలవాటు చొప్పున అక్కడే నొక్కింది. తెర మీదున్నవన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయి చెల్లాచెదురయ్యాయి. ఉలిక్కిపడి పక్క మీట నొక్కింది. ఇంకేదో తెరుచుకుంది.

"ఉండండాంటీ, దీంట్లో తెలుగు పైన మూలన మార్చుకోవాలి కదా" అంటూ జెస్సికా చెయ్యి చాచి మార్చింది. "మీకు తెలియందేముంది, కంగారులో ఉన్నారు."

ఈసారి తెలుగే వచ్చింది. శాలిని కళ్ళు తెర మీద పెట్టి తన పేరు కొట్టింది. వేళ్ళు ఏళ్ళ తరబడి నడిచిన దారిలోనే నడిచాయి. కానీ ఆ దారిలో ఉండాల్సిన అక్షరాలు ఇక్కడ వేరే చోట ఉన్నాయి. తెర మీద పడ్డది ఆవిడ పేరు కాదు, ఎవరి పేరూ కాదు. దీర్ఘాలూ సున్నాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. సొంత పేరు రాయలేని మనిషిలా అక్కడ కూర్చుని ఉండటం, వెనక ఇద్దరు నిలబడి చూస్తుండటం. భూమి బద్దలైతే బాగుండునని ఊరికే అనలేదు పెద్దలు.

"ఏమైందండీ?" అన్నాడు హేమసుందర్.

"వేలు" అంది శాలిని. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆవిడకే తెలియదు. "పొద్దున తలుపు సందులో పడింది. చూపుడు వేలు. వంగట్లేదు."

"అయ్యో! ముందే చెప్పొద్దూ!" అని అతను చరచరా బయటికి నడిచాడు. కాసేపటికి పక్క మందుల షాపు నుంచి ఆయింట్‌మెంటూ గుడ్డకట్టూ పట్టుకుని వచ్చాడు. జెస్సికా ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఊదుతూ, ఏ గీతా లేని, వాపూ లేని ఆ వేలికి మందు రాసి కట్టు కట్టింది. "నొప్పిగా ఉందాంటీ?" అని అడుగుతూనే ఉంది. ఉందని తలూపింది శాలిని. ఆ నొప్పి మాత్రం అబద్ధం కాదు, వేలిలో లేదంతే.

కట్టు కడుతుండగా హేమసుందర్ ఆవిడని మాటల్లో పెట్టాలని కాబోలు అన్నాడు. "మీతో వచ్చారు చూడండి, కృపగారు. ఆవిడ ఇప్పుడేం చేస్తున్నారండీ?"

"హనుమాన్ జంక్షన్‌లో జెరాక్స్ షాపులో చేరింది. రోజూ బస్సులో వెళ్ళొస్తుంది."

"జెరాక్స్ షాపులోనా!" అతని మొహంలో నవ్వు పోయింది. "మీ దగ్గర దాచడమెందుకు, ఆ రోజు పెట్టిన టెస్టులో ఆవిడదే పైచేయండీ. పాత ఫాంట్లలో అంత పట్టున్న మనిషిని నేను చూడలేదు. మేడమ్ కూడా ఆవిడ వైపే మొగ్గారు. కానీ కృపగారే మాక్ రాదని మొహం మీదే చెప్పేశారు. నేర్పే టైము లేదని నేనే అడ్డం పడ్డాను. మీకు రెండూ వచ్చు కాబట్టి మిమ్మల్ని తీసుకున్నాం. ఆవిడ తలపుకొస్తే మాత్రం కొంచెం బాధగానే ఉంటుంది."

శాలిని వేలి కట్టు వైపే చూసింది. ఇంతసేపూ తన సిగ్గంతా రాని పనిని వచ్చన్నందుకే అనుకుంది. నేర్చుకుంటే తీరిపోయే తప్పే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు తెలిసింది, అది నేర్చుకుంటే తీరేది కాదు. కృప కుర్చీలో తను కూర్చుంది. ఆ కుర్చీ ఉన్న చోటికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది కూడా కృపే.

నిజం చెప్పేయాల్సిన క్షణం అది. మనమంతా పక్కనుంటే మోచేత్తో పొడిచి ఉండేవాళ్ళం. ఆవిడ నోరు తెరిచింది కూడా. అంతలో జెస్సికా, "ఇవాళే మీ ఇంట్లో ప్రార్థన కదాంటీ, లాప్‌టాప్‌కి? మామ్మగారు అందరికీ కబురు చేశారు" అంది. తెరిచిన నోరు మూతపడింది.

హేమసుందర్ పెద్ద లాప్‌టాపే బిల్లు చేయించాడు. కట్టు కట్టిన వేలితో సంతకం పెట్టి, పెట్టె చంకన పెట్టుకుని శాలిని ఇంటికి బయల్దేరింది.

*

క్రీస్తురాజపురంలో వాళ్ళ ఇల్లు చిన్నది. సాయంత్రానికి హాల్లో చాపలన్నీ నిండిపోయాయి. కొత్త బండి కొన్నా, కుట్టు మిషను కొన్నా చర్చి పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించనిదే సువార్తమ్మకి తోచదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బైబిలు పక్కన లాప్‌టాప్ పెట్టింది. శాలిని భర్త సొలొమోను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి ఇంకా రాలేదు. కృప మాత్రం హనుమాన్ జంక్షన్ బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చింది. చేతిలో బత్తాయిల సంచి, వేళ్ళకి జెరాక్స్ మిషను నలుపు.

"ఏదీ, చూపించు నీ కొత్త పెళ్ళికొడుకుని" అంటూ లాప్‌టాప్ మూత ప్రేమగా నిమిరింది. "బాగుందే. తెర ఎంత పెద్దదో! ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుంటా, నాకూ కాస్త నేర్పాలి నువ్వు."

శాలిని వంటింట్లో పనున్నట్టు పక్కకి తిరిగిపోయింది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఈ యంత్రాన్ని దీవించమన్నారు. దీన్ని వాడే చేతుల్ని దీవించమన్నారు. సువార్తమ్మ చెవిలో ఏదో చెప్పింది కాబోలు, "నీ బిడ్డ శాలిని వేలికి తగిలిన గాయాన్ని స్వస్థపరచు తండ్రీ" అని కూడా చేర్చారు. "ఆమెన్" అంది హాలంతా ఒక్క గొంతుతో. కట్టు కట్టిన వేలు చీర కొంగులో దాచుకుని, కళ్ళు మూసుకుని, శాలిని ఆ ఆమెన్ విన్నది. దేవుణ్ణి కూడా మోసం చేయబోయిన మనిషిని దేవుడు ఏం చేస్తాడో ఆవిడ చిన్నప్పుడు ఆదివారం బడిలో చదువుకుంది. అన్నీ గుర్తొచ్చాయి.

ప్రార్థన అయ్యాక అయ్యగారు కుర్చీలో సర్దుకున్నారు. "శాలినమ్మా, దీంట్లో మొదటి మాట దేవుని మాటే అయితే బాగుంటుంది. కీర్తనల్లోంచి ఒక్క వాక్యం కొట్టు. అందరం చూస్తాం."

"వేలికి దెబ్బ తగిలింది కదయ్యగారూ" అంది సువార్తమ్మ.

"మిగతా వేళ్ళున్నాయి కదమ్మా!" అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు.

"మా కోడలు ఒక్క వేలితో కొట్టినంత మిగతా ఆఫీసోళ్ళు పది వేళ్ళతో కొట్టలేరులెండి" అంది సువార్తమ్మ పొంగిపోతూ. "రా అమ్మా, కూర్చో. ఎట్టా కొడతావో నేనూ ఎప్పుడూ చూడలా."

ఆవిడ కళ్ళల్లో మెరుపు శాలిని చూసింది. గోడ పట్టుకుని నిలబడిపోయింది. అందరి చూపులూ తన మీదే. పొద్దున షాపులో ఇద్దరి ముందు జరిగింది ఇప్పుడు సంఘం ముందు జరగబోతోంది.

"ఆగండయ్యగారూ" అంటూ లేచింది కృప. "కట్టు వదులైపోయింది చూడండి. ముందు టీలు తాగండి అందరూ. నేను దీని కట్టు సర్ది తీసుకొస్తా." అని శాలిని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

వంటింట్లో కృప పొయ్యి వెలిగించి టీనీళ్ళు పడేసింది. తర్వాత శాలిని చెయ్యి తీసుకుని కట్టు విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ చుట్టలు చుట్టలుగా ఊడివచ్చింది. లోపల శుభ్రమైన, ఎర్రబడనైనా లేని వేలు. కృప దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. వంచి చూసింది. చక్కగా వంగింది.

"ఏ వేలే?" అంది మెల్లిగా.

శాలిని ఆ వేలిని పిడికిట్లో దాచేసుకుంది.

"నాకు మాక్ రాదు కృపా."

"తెలుసు."

"తెలుసా?"

"ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చున్నా. నీకేమొచ్చో, ఏం రాదో నాకు తెలీకపోతుందా? ప్రెస్సులో ప్రింటరు మారిస్తే వారం రోజులు దాని జోలికి పోనిదానివి నువ్వు." కృప నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "నేర్చుకుందువులే అనుకున్నా. అవసరం అట్టాంటిది కదా."

తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది. ఆ ఓదార్పు శాలినికి గోరుచుట్టు మీద రోకటిపోటైంది. ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"ఆ సీటు నీదే" అంది. "ఇవాళ హేమసుందర్‌గారు చెప్పారు. టెస్టులో నీదే పైచేయంట. మేడమ్ నిన్నే తీసుకోవాలనుకుందంట. నేను వచ్చనకుండా ఉంటే నిన్నే పిలిచేవాళ్ళు. నువ్వు రోజూ ఆ బస్సులో నిలబడి పోతున్నావంటే అది నా మూలానే. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

కృప చేతిలోని గుడ్డకట్టు కింద పడింది. ఆవిడ మొహంలో మొదట ఏమీ కనిపించలేదు. పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగుతున్నా చూడలేదు. శాలినే చెయ్యి చాచి మంట తగ్గించింది.

"నన్నే తీసుకోవాలనుకుందా?" అంది చివరికి. "నిజంగా?"

"నిజంగా."

"నాకు తెలీదే." కృప గట్టుకి ఆనుకుంది. "టెస్టు కూడా సరిగ్గా చెయ్యలేదు, ఇక నన్ను తీసుకోరనే అనుకున్నా. అట్టా అనుకునే ఆ ఫోనులో..." అని ఆగిపోయింది.

"ఏ ఫోను?"

కృప కొంగుతో మొహం తుడుచుకుంది. చేతి నలుపు చెంపకి అంటింది.

"నీకు ఉద్యోగం ఇచ్చే ముందు రోజు సుధామణి మేడమ్ నాకు ఫోన్ చేసింది. 'నువ్వు ఉన్నదున్నట్టు చెప్పే మనిషిలా కనిపించావు, అందుకే నిన్ను అడుగుతున్నా. మీ స్నేహితురాలికి నిజంగా మాక్ వచ్చా?' అని."

శాలిని కృప వైపు ఒక అడుగు వేసింది. "నువ్వేం చెప్పావు?"

"వచ్చండీ, బాగా వచ్చు అన్నా." కృప కింద పడ్డ కట్టు గుడ్డ వైపు చూసింది. "నా కోసం నోటికి రాని అబద్ధం నీ కోసం వచ్చేసింది. నాకెట్టాగూ రాని ఉద్యోగం, నీకైనా వస్తే చాలనుకున్నా. నీ దగ్గర చెప్తే నువ్వు సిగ్గుపడతావని చెప్పలా. చూడు, నా నోటి దగ్గర కూడు నేనే తీసి నీ కంచంలో పెట్టానన్నమాట. ఆ మేడమ్ నన్ను నమ్మి అడిగింది శాలినీ. నా మాట మీద నిన్ను తీసుకుంది."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు. నిజం చెప్పిన మనిషి అని ఇంతసేపూ శాలిని ఎవరి ముందైతే తలవంచుకుని నిలబడిందో, ఆ మనిషి తలని కూడా తనే వంచింది. దానికి మించిన సిగ్గు ఆవిడ ఎరగదు.

"శాలినీ! అయ్యగారు కూర్చునే ఉన్నారమ్మా!" హాల్లోంచి సువార్తమ్మ కేకేసింది.

కృప సంచిలోంచి ఫోను తీసింది. నంబరు నొక్కి, గొంతు బయటికి వినిపించేలా పెట్టి, ఇద్దరి మధ్యా గట్టు మీద ఉంచింది. తెర మీద సుధామణి పేరు వెలిగింది.

"సోమవారం నువ్వు ఆఫీసులో కూర్చున్నాక తెలిస్తే, ఇద్దరం దొంగలమే" అంది. "ఇవాళ మనమే చెప్తే తప్పు చేసినోళ్ళం అవుతాం, అంతే. నా మాట నేను చెప్పుకుంటా. ముందు నీది నువ్వు చెప్పు."

ఫోను మోగుతోంది. శాలిని చెయ్యి దాన్ని ఆపేయడానికి సగం దాకా వెళ్ళి ఆగింది. ఆపేస్తే ఈ పూట గడిచిపోతుంది. ఉద్యోగం ఉంటుంది. అత్తగారి సాక్ష్యం నిలబడుతుంది. కృప కూడా ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తదు, ఆ సంగతి శాలినికి బాగా తెలుసు. అందుకే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"హలో, కృపా?" అంది సుధామణి గొంతు.

"కృప కాదు మేడమ్, నేను. శాలినిని." ఆవిడ గట్టు అంచు పట్టుకుంది. "మీతో ఒక మాట చెప్పాలండీ. మీకే ముందు చెప్పాలి."

వెనక గాజులు కదిలిన చప్పుడైంది. శాలిని తిరిగి చూసింది. టీ గ్లాసుల కోసం వచ్చిన సువార్తమ్మ ఖాళీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చూపు కింద పడి ఉన్న కట్టు గుడ్డ మీద నుంచి కోడలి చేతి వేలి మీదికి పాకింది.

"చెప్పమ్మా" అంది ఫోనులో సుధామణి. "వింటున్నా."

"మాక్ నాకు..." అంది శాలిని, అత్తగారి కళ్ళలోకి చూస్తూ.